ఆల్చిప్పల హాజరు

నీళ్ళు పారినంత మాత్రాన నది కాదు. ఈ సత్యం తెలియక మన పూర్వులు నీళ్ళు కనిపించిన ప్రతిచోటా ఒక పేరు పెట్టి, పసుపూ కుంకుమా చల్లి, దణ్ణం పెట్టుకుంటూ వచ్చారు. ఫలానాది నది అని ఒక ఆఫీసు రాసి, కింద సంతకం చేసి, సంతకం మీద గుండ్రటి ముద్ర వేస్తేనే నది నది అవుతుంది. అంతవరకూ అది తడిసిన నేల మాత్రమే.

ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వంవారు నదీ ప్రాణి గుర్తింపు విభాగం అని ఒకటి పెట్టారు. రాజమండ్రిలో ఒక చీరల కొట్టు మీద మూడో అంతస్తులో దానికి చోటు దొరికింది. (కొట్టుకి లిఫ్టు ఉంది. ఆఫీసుకి లేదు.) కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. సెల్‌ఫోను మోగితే, ఎత్తినవాడికి కూడా బిల్లు పడుతుందని, మోగనిచ్చి మురిసిపోయే రోజులు. ఆ రోజుల్లో ఆ విభాగం ఒక మహత్తరమైన ఉత్తర్వు జారీ చేసింది. ఏ ప్రవాహంలోనైనా అయిదు రకాలకు తగ్గకుండా ఆల్చిప్పలు ప్రాణాలతో కాపురం ఉంటే అది నది. దాన్ని పూడ్చకూడదు, దానికి వంద మీటర్ల లోపు కొత్తగా ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. అయిదుకి తగ్గితే అది పల్లపు భూమి. మట్టి తోలుకోవచ్చు, ప్లాట్లు వేసుకోవచ్చు, కొబ్బరికాయ కొట్టుకోవచ్చు.

చేపల్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదని కొందరు అడిగారు. చేపలు కదులుతాయి, సర్వేకి నిలవవు. ఆల్చిప్ప వేసినచోట ఉంటుంది, ఎదురు మాట్లాడదు, వచ్చిన మురికినీళ్ళన్నీ తాగి మంచినీళ్ళు బయటికి వదులుతుంది. ఏ ప్రభుత్వానికైనా అంతకన్న మంచి పౌరుడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

మా కాలనీ పేరు ముత్యాల నగర్. రాజమండ్రి దాటి దిగువకి వెళ్తుంటే ఏటిగట్టు పక్కన వస్తుంది. ఆ పేరు పెట్టినవాడు మురళీకృష్ణ, మా లేఅవుట్ వేసిన ఆసామి. కాలనీ వెనక గుల్లలపాయ ఉంది కదా, గుల్లలున్నచోట ముత్యాలుంటాయి కదా అని ఆయన ఆలోచన. కరపత్రం మీద విచ్చుకున్న ఆల్చిప్ప, అందులో డాబా ఇల్లు, ఇంటిముందు మారుతీ కారు వేయించాడు. ముత్యం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కారు కూడా లేదు. పాయ మాత్రం నిజంగానే ఉండేది. వానాకాలం ఊళ్ళో కురిసిన నీళ్ళూ, గోదావరి పోటు మీదున్నప్పుడు గట్టు అడుగునించి ఊరే నీళ్ళూ మా వీధుల్లో ఒక పూట తచ్చాడి, ఆ పాయలోకి దిగి వెళ్ళిపోయేవి. మా కాలనీకి మొహం కడిగేదీ కాళ్ళు కడిగేదీ ఆ పాయే.

పాయ ఒడ్డున ఆఖరి ఇల్లు భాస్కరం గారిది, దాని పక్కది నాది. ఆయన కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆయనా, ఆయన భార్య సీతారామలక్ష్మి గారూ ఉన్నదంతా ఊడ్చి ఆ ఇల్లు కట్టుకున్నారు. పెరట్లో నుయ్యి తవ్వించారు. కాలనీ మొత్తంలో తియ్యటి నీళ్ళు ఆ నూతిలోనే. సాయంత్రమయ్యేసరికి బిందెలతో ఆడవాళ్ళు, వాళ్ళతో కబుర్లు, ఆవిడకి అదొక దర్బారు.

ఇలా ఉండగా మురళీకృష్ణ రెండో దశ ప్రకటించాడు. రెండో దశ అంటే పాయ పూడ్చి దాని మీద వేసే ప్లాట్లు. చేతులు కట్టుకుని, వంగి, మిఠాయి పొట్లంతో సహా వచ్చి మరీ చెప్పాడు. గోదావరి జిల్లాల్లో మనిషిని ముంచాలన్నా మర్యాద తప్పరు.

"మేస్టారూ, పాయ పూడ్చేత్తే దోమలుండవండి. మీ ఇంటెదురుగా పార్కు వత్తదండి. మజ్జిలో ఫౌంటెను."

"మరి నీళ్ళెటు పోతాయయ్యా?" అన్నారు భాస్కరం గారు.

"ఏ నీళ్ళండీ?"

"వాన నీళ్ళు. ఊట నీళ్ళు. ఇప్పుడు పాయలోకి పోతున్న నీళ్ళు."

"ఆయ్, అయ్యా... ఎటోకటు పోతాయి లెండి. నీళ్ళకి మనం దారి చెప్పాలేంటండీ?"

ఎటో పోవని, సరాసరి తమ వీధిగుమ్మంలోకే వస్తాయని భాస్కరం గారికి తెలుసు. మట్టి వాలు చూస్తే చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. అందుకని ఆయన ఆ మహత్తరమైన ఉత్తర్వు తెప్పించి చదివారు. చదివి, పంచె ఎగ్గట్టి పాయలో దిగారు. గంట తర్వాత బురదకాళ్ళతో మా ఇంటికొచ్చారు.

"ఆరు రకాలున్నాయండీ!" అన్నారు. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూళ్ళేదు. నల్లగా పొడుగ్గా ఉండేదొకటి, కాగితంలా పల్చటిదొకటి, అరచెయ్యంత వెడల్పుదొకటి, ఒళ్ళంతా ముడతలున్న గుండ్రటిదొకటి, ఆకుపచ్చ చారలదొకటి, బొటనవేలంత పసుపుదొకటి. వాటి లాటిన్ పేర్లు కూడా చెప్పారు కానీ, అవి విన్నాక నాకు కాఫీ తాగాలనిపించింది.

చట్టం అయిదు చాలంది. మాకు ఆరున్నాయి. ఒకటి ఎక్కువే ఉందన్న ధీమాతో అర్జీ పెట్టాం. (ప్రభుత్వాన్ని నమ్మినవాడి ధీమా చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది.)

విచారణకి స్వయంగా విభాగాధికారి వీరవెంకటసత్యనారాయణ గారు జీపులో వేంచేశారు. అన్నవరం మొక్కు వల్ల కలిగిన సంతానం కాబట్టి స్వామి పేరు ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా పెట్టారట. సంతకం పొట్టిగా పెడితే స్వామికి కోపం వస్తుందని ఆయన భయం. దాంతో ఏ కాగితమైనా ఆయన బల్ల దాటడానికి సహజంగానే ఆలస్యమయ్యేది. మనిషి చెడ్డవాడు కాడు. అది ముందే చెప్పడం నా ధర్మం. ఆ ఆఫీసులో చెడ్డవాళ్ళెవరూ లేరు. చెడ్డవాడు ఒక్కడున్నా వాణ్ణి తిట్టుకుని తృప్తిపడేవాళ్ళం.

ఆయన గట్టు మీద నించుని పాయకేసి చూశారు.

"దిగి చూద్దురు గాని రండి, మోకాలు లోతే" అన్నారు భాస్కరం గారు.

"పడవ భత్యం మంజూరు కాకుండా మేం నీళ్ళలో దిగకూడదండి. రూలు."

"పడవ అక్కర్లేదండీ, నడిచే దిగొచ్చు."

"నడిచి దిగితే పడవ భత్యం ఎలా వస్తదండి? వాటినే ఓసారి ఆఫీసుకి రమ్మనండి. స్వయంగా, ప్రాణాలతో రావాలి. సోమవారం అయితే నేనుంటానండి."

సోమవారం ఆరు రకాల ఆల్చిప్పల్నీ పాయ నీళ్ళతో సహా నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టులో పెట్టుకుని స్కూటరెక్కాం. భాస్కరం గారు నడిపారు. నేను వెనక కూర్చుని బకెట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆఫీసు చేరేసరికి సగం పాయ నా లాగులో ఉంది. మూడంతస్తులూ ఎక్కి, టోకెను తీసుకుని, బెంచీ మీద బకెట్టుని మా మధ్యన కూర్చోబెట్టాం. మూడో మనిషి చోటు ఆక్రమించిందని ఒకాయన బకెట్టుతో గొడవపడ్డాడు. బకెట్టుకి కూడా టోకెనుందని చూపిస్తే సర్దుకున్నాడు.

అధికారి గారు బకెట్టులోకి తొంగి చూశారు.

"అన్నీ నోరు మూసుకున్నాయండి. బతికున్నట్టు ఎలాగండి?"

"ఆల్చిప్ప బతికున్నప్పుడే నోరు మూసుకుంటుందండి. చచ్చిపోతే తెరుచుకుంటుంది" అన్నారు భాస్కరం గారు.

నోరు మూసుకుంటేనే బతుకుతారన్న సూత్రం ఆ ఆఫీసులో అందరికీ తెలిసిందే కాబట్టి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆరు రకాలూ హాజరు అని రాశారు. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత కలం ఆగింది.

"చిరునామా ఏం రాయమంటారండి?"

"గుల్లలపాయ."

"ఇప్పుడెక్కడున్నాయండి?"

"ఇప్పుడంటే... బకెట్టులో."

"మరి నేను కళ్ళతో చూసింది రాయాలి కదండీ." రాసేశారు. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు, ముత్యాల నగర్.

"అయ్యా, మీరు తెమ్మంటేనే కదండీ బకెట్టులో తెచ్చాం!" భాస్కరం గారి గొంతు లేచింది. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు కాబట్టి కింద చీరల కొట్టులో కూడా వినపడే ఉంటుంది.

అధికారి గారు నొచ్చుకున్నారు. మంచినీళ్ళిప్పించారు. తర్వాత ఉపాయం కూడా ఆయనే చెప్పారు. "కంగారు పడకండి మేస్టారూ. చిరునామా మార్పుకి దారుందండి. మనుషులకి స్థానికత అడుగుతాం కదా, అలాగేనండి. వీటి ముందు తరాలు ఆ పాయలోనే పుట్టి, ఆ పాయలోనే పోయినట్టు రుజువుంటే చాలు. తాతలనాటి చిప్పలు, రకానికొకటి, శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉంచండి. నేనే వచ్చి చూసి, పాయకి రాసేసి పోతాను."

ఇందులో తప్పు పట్టడానికేముంది? భాస్కరం గారు వారం తిరక్కుండా గట్టు తవ్వి, బురద అడుగునించి పాతకాలపు చిప్పలు రకానికొకటి తీశారు. కొబ్బరిపీచుతో తోమి, పిట్టగోడ మీద వరసగా ఆరబెట్టారు. ఎండకి అవి లోపలివైపు మెరుస్తుంటే, మా కరపత్రంలో రాసింది మొత్తం అబద్ధం కాదేమో అనిపించింది. జీపు రిపేరులో ఉందని కబురొస్తే, అధికారి గారిని తీసుకురావడానికి ఆయన స్కూటరేసుకు వెళ్ళారు. ఆఫీసు ఫైలూ, ముద్రా, ఇంకు డబ్బా ఆటోలో వాళ్ళ వెనకే తెచ్చే పని నాకప్పజెప్పారు.

సరిగ్గా ఆ పొద్దున్నే తుని నుంచి మామిడికాయలు దిగాయి. మాకు వేసవి అంటే ఎండ కాదు, మాగాయ. మాగాయకి కాయ చెక్కు తియ్యాలి, ఆ చెక్కు ఆల్చిప్పతోనే తియ్యాలి. చిప్ప వీపుని గరుకురాతి మీద అరగదీస్తే నడుమ చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచుతో తీస్తే చెక్కు తీగలాగా వస్తుంది, కండ పోదు. కత్తితో తీస్తే ఊరుకునే ఆడది మా వైపు ఇంకా పుట్టలేదు.

మేం చేరేసరికి భాస్కరం గారి పెరట్లో చాపలు పరిచి ఉన్నాయి. నూతి దర్బారు మొత్తం అక్కడే ఉంది. కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆరుగురి చేతుల్లో ఆరు చిప్పలు చకచకా ఆడుతున్నాయి. పిట్టగోడ ఖాళీగా ఉంది.

భాస్కరం గారు స్కూటరు స్టాండు వెయ్యడం మరిచిపోయారు. అది వెళ్ళి గోడకి ఆనుకుంది.

"లక్ష్మీ... ఆ చిప్పలు..."

సీతారామలక్ష్మి గారు పమిటచెంగుతో చెయ్యి తుడుచుకుంటూ నవ్వుతూ లేచారు. "ఎంత మంచివి తెచ్చారండీ ఈసారి! చక్కగా తోమి ఆరబెట్టి కూడా ఉంచారు. ఏటా మాగాయకి మీరే కదా తెచ్చేది. ఈ ఏడు మర్చిపోయారేమో అనుకున్నాను."

నిజమే. పెళ్ళయినప్పటినించీ ప్రతి వేసవికీ పాయలోనో కాలవలోనో దిగి ఆవిడకి ఆల్చిప్పలు తెచ్చిచ్చేది ఆయనే. సర్కారు అడిగిన రుజువులూ, భార్యకి తెచ్చే చిప్పలూ చూడ్డానికి ఒకటేనని ఆయనకి తట్టలేదు.

అధికారి గారు ఒక చిప్ప చేతిలోకి తీసుకున్నారు. చిల్లులోంచి ఆకాశం చూశారు. ఒక కాయ అందుకుని, చెక్కు ఒక్క తీగగా తీశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మా అమ్మగారు ఓపికున్న రోజుల్లో ఇలాగే తీసేవారండి."

"చూశారా, పాయలోవేనండి! ఆరు రకాలూ ఉన్నాయి, లెక్కపెట్టుకోండి" అన్నారు భాస్కరం గారు ఆశగా.

"ఆరూ ఉన్నాయండి. ఒప్పుకుంటున్నాను. కానీ ఇవి ప్రాణులు కావు కదండీ. వంటసామాను."

"చిల్లు ఇందాకే పెట్టారండీ! మా ఆవిడే పెట్టింది!"

"ఎవరు పెట్టారన్నది మా పరిధిలోకి రాదండి. చిల్లు ఉందా, లేదా?"

ఉంది. ఎంత బాధగా ఉన్నా, లేదని ఎలా అంటాం? ఆయన చాప మీదే కూర్చుని నివేదిక రాశారు. గుల్లలపాయలో ఆరు రకాల వంటసామాను ఉన్నట్టు నిర్ధారణ అయినది, ప్రాణులు లేవు. కింద తన పేరు పూర్తిగా రాశారు. ఇంకు డబ్బా మూత తీసి ఇచ్చింది నేనే.

అప్పటికి సీతారామలక్ష్మి గారికి సంగతి అర్థమైంది. అయినా లోపలికి వెళ్ళి, పోయినేటి మాగాయ ఒక జాడీడు తెచ్చి, మూతికి గుడ్డ కట్టి అధికారి గారి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపడం ఆవిడకి చేతకాదు. ఆయన వెళ్ళాక మాత్రం నూతి చప్టా మీద కూలబడిపోయారు.

"నా ఇల్లు నేనే ముంచుకున్నాను అన్నయ్య గారూ. ఈ చేతుల్తో నేనే చిల్లు పెట్టాను" అని ఏడ్చారు.

"ఊరుకో లక్ష్మీ. నువ్వు చిల్లు పెట్టకపోతే వాళ్ళే ఏదో చిల్లు వెతికేవాళ్ళు" అన్నారు భాస్కరం గారు. ఆ మాటంటూ ఆయన ఆవిడ పక్కనే చప్టా మీద కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికెళ్ళి మా ఆవిడ మీద విసుక్కున్నాను.

ఉత్తర్వు రెండు భాగాలుగా వచ్చింది. ఒకటి, గుల్లలపాయ పల్లపు భూమి, పూడ్చుకోవచ్చు. (అందులోని వంటసామాను విషయం పౌరసరఫరాల వారికి తెలియజేయడమైనది.) రెండు, ముత్యాల నగర్‌లోని నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టులో ఆరు రకాల ఆల్చిప్పలు సజీవంగా ఉన్నట్టు రికార్డయింది కాబట్టి, సదరు బకెట్టు నదిగా గుర్తించబడినది.

గుర్తింపంటే మాటలు కాదు. మర్నాడే ఆఫీసు జవాను ఒకడు వచ్చి, బకెట్టుంచిన భాస్కరం గారి స్నానాలగది తలుపుకి బోర్డు కొట్టి వెళ్ళాడు. ఈ నదిలో బట్టలు ఉతకరాదు, ప్రాణుల్ని తరలించరాదు, నదిని ఒలకబోయరాదు. అప్పటికీ భాస్కరం గారు ఆ ఆరింటినీ పాయలో వదిలేద్దామనే చూశారు. ఏ పాయలో వదుల్తారు? లారీలు అప్పుడే మట్టి తోలుతున్నాయి. మురళీకృష్ణ దగ్గరుండి, లారీకొక నమస్కారం చొప్పున మాకు పెడుతూ, శ్రద్ధగా పూడ్పించాడు. ముడతల చిప్పలూ చారల చిప్పలూ ఎన్ని వందలు ఆ మట్టి కింద నోరు మూసుకున్నాయో నాకు తెలీదు. తర్వాత తెరుచుకునే ఉంటాయి.

పాయ పోయింది కాబట్టి వానాకాలానికి ముందే ఇంటిముందు ఒక అడ్డుగోడ, నడుమెత్తున, కట్టుకోవాలనుకున్నారు భాస్కరం గారు. మేస్త్రీతో మాట్లాడి, ఇటుకలు దింపించి, అనుమతికి వెళ్ళారు. ఇవ్వలేదు. నదికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు కదా, స్నానాలగది నుంచి వీధిగుమ్మం పదడుగులే.

రోజూ పొద్దున్నే ఆయన నూతిలోంచి నీళ్ళు తోడి నదిలో పోసేవారు. కాస్త బురద వేసేవారు. చారలది మందకొడిగా ఉందండీ అని బెంగపడేవారు. రెండు పోయినా చాలు, బకెట్టు పల్లపు భూమి అయిపోతుంది, గోడ కట్టుకోవచ్చు అని నేనంటే, నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. పాయలో మిగిలింది అవేనని నాకు అప్పుడు వెలగలేదు.

శ్రావణంలో వానా, గోదావరీ కూడబలుక్కుని వచ్చాయి. ఏటా వచ్చే నీళ్ళే. మా వీధిలోకి వచ్చి, అలవాటు ప్రకారం పాయ కోసం వెతుక్కున్నాయి. పాయ ఉండాల్సినచోట పార్కు ఉంది. (ఫౌంటెను అప్పటికి రాలేదు. ఆ రోజు ఆ లోటు తెలియలేదు.) నీళ్ళు వెనక్కి తిరిగి, ఆఖరి ఇంటినించి మొదలుపెట్టి, వరసగా అందరి ఇళ్ళలోకీ మర్యాదగా వచ్చాయి. మేమంతా ఏటిగట్టెక్కి, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని, ఎవరిల్లు ఎంత మునిగిందో వేళ్ళతో చూపించుకుంటూ కూర్చున్నాం. భాస్కరం గారిల్లు కిటికీల దాకా మునిగింది.

నీళ్ళు తీశాక వెళ్ళి చూశాం. నుయ్యి అంచుదాకా బురద. మాగాయ జాడీలు వీధి చివర తేలాయి. స్నానాలగది తలుపు మీద బోర్డుంది, లోపల బకెట్టు లేదు. భాస్కరం గారు బురదలో చేతులు పెట్టి సాయంత్రం దాకా వెతికారు. సీతారామలక్ష్మి గారు నూతి దగ్గర నించుని, "నలుగురూ నీళ్ళు పట్టుకుపోయే నా ఇంటిని నీళ్ళే పట్టుకుపోయాయి" అన్నారు.

వరద సాయం కోసం రాజమండ్రి వెళ్ళాం. వీరవెంకటసత్యనారాయణ గారికి ఆ పని అదనపు బాధ్యతగా ఇచ్చారు. మళ్ళీ అవే మూడంతస్తులు, అదే బెంచీ. ఈసారి మా మధ్యన సీతారామలక్ష్మి గారు కూర్చున్నారు. ఆవిణ్ణి చూడగానే ఆయన లేచి నించున్నారు.

"రండి రండి అమ్మా. మీ మాగాయ ఏం రుచండీ! మా అమ్మగారు ఇప్పటికీ తలుచుకుంటున్నారు."

"ఇల్లు మునిగింది బాబూ" అన్నారావిడ.

ఆయన నిజంగానే బాధపడ్డారు. కుర్చీ వేయించారు. టీ తెప్పించారు. చెప్పులు విప్పి కంప్యూటరు గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి వచ్చారు. మొహం చిన్నబోయి ఉంది.

"వరద సాయం అంటే నది పొంగి మునిగినవాళ్ళకేనండి. గోదావరి గట్టు తెగలేదు. పాయ పల్లపు భూమండి, భూమి పొంగదు. మీ కాలనీ పేర రికార్డులో నది ఒక్కటే కనపడుతోందమ్మా."

"ఆ ఒక్కదాని పేరే రాసుకోండి, మీకు పుణ్యముంటుంది" అన్నారు సీతారామలక్ష్మి గారు.

"రాద్దామనే చూశానమ్మా," అన్నారాయన టీ గ్లాసు ఆవిడ దగ్గరికి జరుపుతూ, "కానీ బకెట్టు పొంగినట్టు మాకు రిపోర్టు లేదండి."